పై గది లేని ఇల్లు

ఆ సందు చివరి ఇంట్లో వెనక గదికి మొదటినుంచీ మంచి పేరు లేదు.

ఇదివరకు అందులో ఒక ముసలాయన ఒంటరిగా ఉండేవాడట. రేడియో పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, అలాగే పోయాడట. జనం తలుపు పగలగొట్టేదాకా రేడియో మోగుతూనే ఉందట. స్విచ్ ఆపాక కూడా కాసేపు పాట వినబడిందని ఒకరంటారు. అదేం లేదు, ఆపగానే ఆగిందని ఇంకొకరంటారు. ఏదైతేనేం, ఇల్లు చాలాకాలం ఖాళీగా పడి ఉంది. చీకటి పడ్డాక అటు వెళ్ళేవాళ్ళు ఆ గోడ పక్కకి రాగానే నడక వేగం పెంచేవాళ్ళు.

నేను దెయ్యాలని నమ్మే రకం కాదు. ఇది నేను కళ్ళారా చూసింది కూడా కాదు. మా బావమరిది చెప్పాడు. వాడు ఇళ్ళకి నెట్ కనెక్షన్లు ఇచ్చే కంపెనీలో మెకానిక్. ఇంట్లో అందరం వాణ్ణి 'సిగ్నల్' అంటాం. పెళ్ళికెళ్ళినా సరే, ముందు ఫోన్ పైకెత్తి అక్కడ ఎన్ని గీతలు వస్తున్నాయో చూసుకుని గాని కుర్చీలో కూర్చోడు. పిరికితనం పాలు కాస్త ఎక్కువ, గొప్పలు చెప్పుకోవడం ఇంకాస్త ఎక్కువ. కానీ ఈ సంగతి చెప్పినప్పుడు మాత్రం ఒక్క గొప్ప కూడా కొట్టలేదు. అందుకే నమ్మాను.

ఆ ఇంట్లోకి ధైర్యంగా దిగింది ఒక లిఫ్టు మెకానిక్, ఆయన భార్య. ఆవిడ కర్టెన్లు కుడుతుంది. పిల్లల్లేరు. ఇంటి సంగతి చుట్టుపక్కల వాళ్ళు చెబితే ఆయన నవ్వేశాడట.

"మంచిదేగా. నేను రాత్రిళ్ళు పనికి పోతే మా ఆవిడకి తోడుంటుంది."

ఆయన ఉద్యోగం అలాంటిది. ఎక్కడో లిఫ్టు ఇరుక్కుపోయిందని రాత్రిపూట ఫోన్ వచ్చేది. "పాపం, లోపల మనిషి ఉన్నాడట" అంటూ చొక్కా తొడుక్కుంటూనే గుమ్మం దాటేవాడు. ఆవిడ గిన్నె మీద మూత పెట్టి, వెనక గదిలో కుట్టుమిషను ముందు కూర్చుని ఎదురుచూసేది. ఆ ఎదురుచూపుకి పాటలు తోడు.

అందుకే ఆయన వైర్లు లేని స్పీకర్లు కొన్నాడు. ఒక పెట్టెలో మూడు వచ్చాయి. ఒకటి మొదటి రోజే పలకలేదని వెనక్కి పంపించేశాడు. ఒకటి హాల్లో పెట్టాడు. ఇంకొకటి కుట్టుమిషను పక్కన.

ఆయనకో అలవాటు ఉండేది. లిఫ్టుల్లో ప్రతి వైరుకీ చీటీ కట్టే మనిషి కదా, ఇంట్లో కూడా పేరు లేని వస్తువుని బతకనిచ్చేవాడు కాదు. స్విచ్చుల మీద పేర్లు, డబ్బాల మీద పేర్లు. స్పీకర్లకి అవి ఉన్న గది పేరే పెట్టాడు. ఫోన్లో చూస్తే 'హాలు', 'వెనక గది' అని కనబడేవి. "రేపు నేను లేకపోయినా నువ్వు తడుముకోకూడదు" అనేవాడట. ఆవిడ ఆ మాట తలుచుకుని ఎంత మురిసిపోయేదో!

కిందటేడు ఆయన పోయాడు. ఎక్కడో పనిలో ఉండగా, లిఫ్టు గుంత పక్కన కూర్చుని మంచినీళ్ళు తాగుతూ అలా ఒరిగిపోయాడట. గుండె ఆగిపోయింది.

ఆ తర్వాత ఆవిడ ఆయన ఫోన్‌ని పాటలకే ఉంచేసింది. పాటల ఖాతా కూడా ఆయనదే. రోజూ రాత్రి ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టి, ఆయనకిష్టమైన పాటలు పెట్టుకుని, వెనక గదిలో కూర్చుని కుట్టుకునేది. అది కూడా లేకపోతే ఆ ఇంట్లో ఆవిడకి మనిషి గొంతంటూ వినబడదు.

అప్పుడు మొదలైంది...

పాట సగంలో ఉండగా టక్కున తెగిపోయేది. నెట్ మందగించినప్పుడు పాట ఆగి ఆగి వస్తుంది కదా, అలా కాదు. కత్తెరతో గుడ్డ కోసినట్టు. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు, దాదాపు ప్రతి రాత్రీ. ఆవిడ కంపెనీకి ఫోన్ చేసింది. కంపెనీ మా సిగ్నల్‌గాణ్ణి పంపింది.

వాడు వెళ్ళగానే తప్పు దొరికిందన్నాడు. రౌటరు అద్దం బీరువా వెనక ఉంది. "అద్దం ఉంటే సిగ్నల్ దాటదమ్మా" అని దాన్ని హాలు గోడకి ఎత్తుగా బిగించాడు. వాడున్నంతసేపూ పాట నదిలా సాగింది. వాడు ఛాతీ విరుచుకుని వెళ్ళిపోయాడు. రాత్రి మళ్ళీ తెగింది.

మళ్ళీ పిలిచింది. ఈసారి బయటినుంచి వచ్చే వైరుని ఎలుక కొరికిందన్నాడు. వైరు మార్చాడు. రాత్రి తెగింది. చుట్టుపక్కల ఇళ్ళ రౌటర్లన్నీ ఒకే దారిలో తోసుకుంటున్నాయని ఈ ఇంటిది వేరే దారికి మళ్ళించాడు. తెగింది. వెనక గది గోడ మందంగా ఉందని నడవలో సిగ్నల్ అందించే ఇంకో డబ్బా తగిలించాడు. స్పీకర్లని మొదటినుంచీ కొత్తగా కలిపాడు. పగలంతా బాగానే ఉండేది. రాత్రయితే మామూలే.

"నీ పని నీకు వచ్చా, రాదా?" అని నేనే ఒకసారి ఏడిపించాను. వాడు మొహం మాడ్చుకున్నాడు.

ఒక రాత్రి పాట తెగగానే ఆవిడ మిషను వదిలేసి హాల్లోకి వెళ్ళి ఫోన్ చేతిలోకి తీసుకుంది.

తెరమీద ఒక పాట ఉంది. ఆవిడ పెట్టిన పాట కాదు. పాట నడుస్తున్నట్టు కింద గీత మెల్లగా జరుగుతోంది... కానీ ఇంట్లో చప్పుడు లేదు. హాల్లో లేదు. వెనక గదిలో లేదు. ఆవిడ ఫోన్ చెవికి ఆనించుకుంది. ఏమీ లేదు.

పాట మాత్రం నడుస్తోంది. ఎవరో వింటున్నట్టు.

అది ఆయనకి ప్రాణమైన పాట. మొదట చాలాసేపు వేణువు ఒక్కటే ఉంటుంది, ఆ తర్వాత గొంతు అందుకుంటుంది. ఆయన గడ్డం గీసుకుంటూ ఆ వేణువుతో పాటు ఈల వేసేవాడు.

ఆవిడ అప్పటికప్పుడు చెల్లెలికి ఫోన్ చేసింది.

ఆ చెల్లెలి గురించి చెప్పాలి. ఆవిడకి ఈ లోకంలో మిగిలింది దూరంగా ఉండే ఒక అన్నయ్య, ఈ ఊళ్ళోనే ఉన్న ఈ చెల్లెలు. చెల్లెలికి పెళ్ళి కాలేదు. కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తూ ఊరి అవతల ఒక మేడ మీద గది అద్దెకు తీసుకుని ఉంటోంది. బావగారు పోయినప్పుడు అక్కకంటే తనే ఎక్కువ ఏడ్చిందని అందరూ చెప్పుకున్నారు. ఎంత ప్రేమో అనుకున్నారు.

మర్నాడు వచ్చి అక్కని పట్టుకుని కూర్చుంది. అంతా వింది. తర్వాత అక్క చెవి దగ్గరికి వంగి, మెల్లగా...

"భయపడకు అక్కా. బావగారే వచ్చుంటారు."

ఆవిడ కళ్ళు పెద్దవి చేసి చూసింది.

"ఆయనకి పాటలంటే పిచ్చి కదా. విని వెళ్ళిపోతుంటారు. నువ్వు ఎవరికీ చెప్పకు. ఆ మెకానిక్‌ని కూడా ఇక పిలవకు. వైర్లు అవీ కెలికిస్తే... రావడం మానేస్తారేమో."

ఆ ఒక్క మాటతో ఆవిడ మారిపోయింది. మొదట భయపడింది. తర్వాత భయం పోయింది. ఆ తర్వాత పాట ఎప్పుడు తెగుతుందా అని ఎదురుచూడటం మొదలుపెట్టింది. తెగగానే పరుగున హాల్లోకి వెళ్ళి, ఆ చప్పుడు లేని పాట అయిపోయేదాకా ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. అన్నయ్య వచ్చి, ఒక్కదానివీ ఇక్కడెందుకు, సామాను సర్దుకో, మా ఇంటికి పోదాం పద అంటే రానంది.

"రాత్రి ఆయన వస్తారన్నయ్యా. నేను లేకపోతే ఎలా?"

అన్నయ్య తల పట్టుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. చెల్లెలు మాత్రం "అక్క ఇష్టం అన్నయ్యా, బలవంతం చేయకు" అందట. సందులో అందరికీ తెలిసిపోయింది. ముసలాయన రేడియో కథకి ఈ కథ తోడైంది. కర్టెన్లు కుట్టించుకునే వాళ్ళు కూడా పగలే వచ్చి పగలే పోయేవాళ్ళు.

కొన్నాళ్ళకి ఆవిడే సిగ్నల్‌కి ఫోన్ చేసింది. చెల్లెలికి చెప్పకుండా.

"పాట ఆగకుండా చెయ్యమని కాదు బాబూ. అది ఆగనీ. ఆయన వింటున్న పాట... నాకు కూడా వినబడేలా చేస్తావా?"

ఏ కంపెనీలోనైనా అలాంటి కంప్లయింటుకి ఏం రాస్తారు? అయినా ఆవిడ అడిగిన తీరుకి కాదనలేకపోయాడు. పగలొస్తే లాభం లేదని తెలుసు కాబట్టి రాత్రే వెళ్ళాడు. వెళ్ళేముందు మా ఇంటికొచ్చి, "బావా, నువ్వు కూడా తోడు రాకూడదూ" అని కూడా అడిగాడు. నాకు పనుందన్నాను. ఎందుకులెండి, నాకూ కాస్త భయమేసింది.

సందు ఖాళీగా ఉంది. వీధి దీపం ఆ ఇంటి ముందుదే పనిచేయడం లేదు. వాడు లోపలికి వెళ్ళి వెనక గది గుమ్మం దగ్గర ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. ఆవిడ మిషను తొక్కుతోంది. స్పీకర్లో పాట సాగుతోంది.

మిషను చప్పుడు... పాట... మిషను చప్పుడు...

టక్కున తెగింది.

మిషను కూడా ఆగింది. ఆవిడ మొహంలో భయం లేదట. చుట్టం గుమ్మంలోకి వచ్చినట్టు ఒక వెలుగు. "వచ్చారు" అని గుసగుసగా అంది.

ఇద్దరూ హాల్లోకి వెళ్ళారు. తెరమీద వేణువు పాట. గీత జరుగుతోంది. చప్పుడు లేదు. మా వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. అయినా వాడు మెకానిక్ కదా, చెయ్యి ఊరుకోదు. ఫోన్ అందుకుని దగ్గరగా చూశాడు. అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఏదో రాసి ఉంది.

"అమ్మా... ఇది మీరెప్పుడైనా చదివారా?"

"అంత చిన్నవి నాకెక్కడ కనబడతాయి బాబూ. చత్వారం. చెల్లెలు కళ్ళజోడు తెస్తానంటూనే ఉంది."

వాడు చదివాడు. పాట ఎక్కడ మోగుతోందో దాని పేరు.

'పై గది.'

"మీ ఇంటికి... పైన గది ఉందా అమ్మా?"

"లేదే. పైన ట్యాంకు తప్ప ఏముంది?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడే ఫోన్ అందుకుని ముందు కదిలింది. పెరటి మెట్ల మీద ఆవిడ, వెనకాల టార్చి పట్టుకుని వాడు.

డాబా మీద నీళ్ళ ట్యాంకు ఉంది. ఆరేసిన కర్టెన్ ఒకటి గాలికి ఊగుతోంది. వాడు ఆ కర్టెన్ చూసి ఒక్క కేక పెట్టాడు. ఈ మాట వాడే ఒప్పుకున్నాడు. అంతకుమించి ఏమీ లేదు. గది లేదు, గోడ లేదు. ట్యాంకు నుంచి బొట్టు బొట్టుగా నీళ్ళు కారుతున్నాయి.

ఆవిడ చేతిలో ఫోన్ వెలుగుతూనే ఉంది. పై గదిలో పాట నడుస్తూనే ఉంది.

"పోదాం పదండమ్మా" అన్నాడు వాడు, మెట్లవైపు తిరిగి.

ఆవిడ కదల్లేదు. తనలో తను అనుకున్నట్టు అంది.

"ఆయన, లేని గదికి పేరు పెట్టే మనిషి కాదు."

"అంటే?"

"ఒక పెట్టెలో మూడు వచ్చాయి... ఒకటి పలకలేదని వెనక్కి పంపించానన్నారు." ఆవిడ ఆగింది. "బాబూ, ఆ మూడోది వేరే ఇంట్లో ఉన్నా ఇందులో కనబడుతుందా?"

"ఖాతా ఒకటే అయితే ఎక్కడున్నా కనబడుతుందమ్మా. కాకపోతే ఒకేసారి రెండు ఇళ్ళల్లో పాడదు. అక్కడ ఎవరైనా మొదలుపెడితే ఇక్కడ..."

వాడికి అద్దం బీరువా, ఎలుక, మందపాటి గోడ అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి తన చెంప తనే వాయించుకోవాలనిపించిందట. ఇన్నాళ్ళూ ఆ ఇంటి నెట్‌కి ఏ రోగమూ లేదు.

"ఆయన ఉన్నప్పుడు కూడా ఆగేది," అంది ఆవిడ. "ఆయన ఇంట్లో ఉన్నప్పుడు కాదు. లిఫ్టు ఇరుక్కుందని వెళ్ళిన రాత్రులు. మర్నాడు చెబితే, 'ఆగితే మళ్ళీ నొక్కకు, రౌటరు వేడెక్కుతుంది, పడుకో' అనేవారు. నేను అలాగే పడుకునేదాన్ని."

పెళ్ళాం చేతికి పాట ఇచ్చి, ఆ పాటనే ఇంకో ఇంట్లో వినడానికి వెళ్ళాడా మహానుభావుడు! ఆవిడ గిన్నె మీద మూత పెట్టి ఎవరో పాపం ఇరుక్కున్నారని జాలిపడిన ఆ రాత్రులన్నీ, ఏ లిఫ్టులోనూ ఎవరూ ఇరుక్కోలేదు. నాకు ఇది విన్నప్పుడు ఒళ్ళు మండిపోయింది. చచ్చిపోయిన మనిషిని పట్టుకుని తిట్టకూడదంటారు. నేను తిట్టాను.

కానీ ఆవిడ తిట్టలేదు. ఏడవలేదు. ట్యాంకు గోడకి ఆనుకుని నిలబడింది.

"ఆ గది చూసిపెట్టింది కూడా ఆయనే బాబూ. ఆడపిల్ల, మేడ మీదైతే భయం ఉండదన్నారు. సామాను ఆయనే మోశారు. నేను ఇక్కణ్ణించి భోజనం కట్టి పంపాను, ఇద్దరికీ."

ఏ గదో, ఎవరి గదో మా వాడికి అప్పుడు అర్థమైంది. టార్చి ఆపేశాడు.

"ఏడాదిగా పోయారు, పోయారని ఏడుస్తున్నాను," అంది ఆవిడ చీకట్లో. "ఇవాళ పోయాడు."

కిందికి దిగారు. ఆవిడ హాల్లో కూర్చుని ఆయన ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. తన ఫోన్ తీసి చెల్లెలికి కలిపి, అవతలి గొంతు బయటికి వినబడేలా పెట్టి బల్ల మీద ఉంచింది.

అవతల రింగు మొదలైంది. ఆవిడ ఒళ్ళో ఉన్న తెరమీద గీత... ఆగిపోయింది.

"ఏంటక్కా, ఇంకా పడుకోలేదా?" చెల్లెలి గొంతు. ఎంత ముద్దుగా అడిగిందో!

"నిద్ర రావట్లేదే. నువ్వేం చేస్తున్నావు?"

"ఏముంది. దీపం ఆపేసి పడుకున్నాను."

"పాటలు గట్రా వింటున్నావేమో, పాడుచేశానేమోనని..."

"నా దగ్గర పాటలెక్కడివి అక్కా? నాకు బావగారిలా ఆ పిచ్చి లేదుగా." ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, "ఇవాళ కూడా వచ్చారా?"

ఆవిడ మా వాడివైపు చూసి, సైగతోనే అడిగింది. ఇక్కడ నొక్కితే అక్కడ మోగుతుందా? వాడు తలూపాడు.

ఆవిడ నొక్కింది.

బల్ల మీద ఫోన్లోంచి, చెల్లెలి ఊపిరి వెనకాలనుంచి... వేణువు.

ఇన్నాళ్ళూ చప్పుడు లేకుండా నడిచిన పాట మొదటిసారి వినబడింది. అటువైపు మంచం కిర్రుమంది. ఏదో కిందపడింది. పాట ఆగింది.

ఆవిడ మళ్ళీ నొక్కింది. ఈసారి శబ్దం నిండుగా పెంచింది.

"అక్కా..." అంది చెల్లెలు. "అక్కా, ఇక్కడ... దానంతట అదే... నేను ఆపేశాను, మళ్ళీ..."

"ఏంటే? ఏమైంది?"

"ఎవరో... గదిలో ఎవరో ఉన్నట్టు..."

ఆవిడ బల్ల మీదికి వంగింది. ఫోన్‌కి పెదవులు ఆనేంత దగ్గరగా. చిన్నప్పుడు చెల్లెల్ని జోకొట్టి నిద్రపుచ్చినప్పుడు ఆ గొంతు అలాగే ఉండి ఉంటుంది.

"భయపడకే," అంది. "బావగారే వచ్చుంటారు."

చెల్లెలికి తన మాట తనకే తిరిగొచ్చిందని తెలిసిపోయింది. ఆ తర్వాత చెల్లెలు మాట్లాడలేదు, ఫోన్ పెట్టేయలేదు, పాట కూడా ఆపలేదు. ఆపడానికి చెయ్యి రాలేదేమో. ఆవిడా కదల్లేదు. రెండు ఇళ్ళల్లో అక్కచెల్లెళ్ళిద్దరూ చీకట్లో కూర్చుని విన్నారు. గొంతు అందుకుంది, చరణాలు అయ్యాయి, చివర మళ్ళీ వేణువు ఒక్కటే మిగిలింది.

ఆ రాత్రి పాట ఎక్కడా తెగలేదు.